మన ఊళ్ళ సంగతి చదవడానికి బ్రైటన్ దాకా పోవాలా? తిరుపతి విశ్వవిద్యాలయాలకు ఒక బహిరంగ లేఖ

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్లకు, రెండుచోట్లా సామాజిక శాస్త్రాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, రాష్ట్ర ఉన్నత విద్యామండలి పెద్దలకు నమస్కారం.

ఒక పీజీ కోర్సు అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. బయటి దేశాల్లో ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ అనీ, డెవలప్‌మెంట్ స్టడీస్ అనీ ఒక ఎంఏ ఉంది. కొన్ని దేశాలు, కొన్ని ప్రాంతాలు, కొన్ని కులాలు ఎందుకు వెనకబడ్డాయి, వాళ్ళను ముందుకు తెస్తామంటూ వచ్చిన పథకాలు, అప్పులు, సంస్థలు ఏం చేశాయి, ఏం చేయలేకపోయాయి అన్నది అందులో చదువుతారు. అర్థశాస్త్రం, రాజకీయం, ఆంత్రపాలజీ, లెక్కలు అన్నీ కలిసి ఉంటాయి. ఆ కోర్సు తిరుపతిలో పెట్టండి. పేరు ఏదైనా ఫర్వాలేదు. ఎందుకు పెట్టాలో, ఎలా పెడితే పనికొస్తుందో, ఎలా పెడితే దండగో నాకు తెలిసినంత చెబుతాను.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది పుత్తూరు దగ్గర పల్లె. డిగ్రీ అవగానే పల్లె ఆడవాళ్ళ పొదుపు సంఘాలు కట్టే ప్రభుత్వ వెలుగు ప్రాజెక్టులో సీసీగా, అంటే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా చేరాను. తర్వాత స్కాలర్‌షిప్ వస్తే ఇంగ్లండు పోయి ఈ సబ్జెక్టులోనే ఎంఏ చేసి వచ్చాను. ఇప్పుడు తిరుపతిలో ఉండి ఎన్జీవోలకూ, ప్రభుత్వ ప్రాజెక్టులకూ సర్వేలు, మూల్యాంకనాలు చేసిపెడుతుంటాను. ఆ చదువు మీద నాకు మోజూ లేదు, కోపమూ లేదు. దాంతోనే అన్నం తింటున్నాను.

దసరా దాటిందంటే మా ఇంటికి పిల్లల రాక మొదలవుతుంది. ఒకరికి రికమెండేషన్ లెటర్ కావాలి. ఒకరికి ఎస్‌ఓపీ, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నారో యూనివర్సిటీకి రాసే ఉత్తరం, చూసిపెట్టాలి. ఇంకొకరికి ఐఈఎల్టీఎస్ ఇంగ్లిషు పరీక్షలో ఆరున్నర వచ్చింది, చాలుతుందా చాలదా అని టెన్షన్. ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ మనకొద్దు అనుకున్నవాళ్ళు, అగ్రికల్చర్ బీఎస్సీ చేసినవాళ్ళు, ఎమ్మెస్‌డబ్ల్యూ అయ్యాక ఎన్జీవోల్లో నాలుగు రాళ్ళకు పల్లెలు తిరిగినవాళ్ళు. తెలివైన పిల్లలే. కానీ ఎస్‌ఓపీలు మాత్రం అన్నీ ఒక్కలాగే ఉంటాయి. మొదటి పేరాలో చిన్నప్పుడే పేదరికాన్ని చూసి చలించిపోయి ఉంటారు. రెండో పేరాలో ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న పదిహేడు లక్ష్యాలు వస్తాయి. మూడో పేరాలో మీ యూనివర్సిటీలో చదవడం నా కల అంటారు. కన్సల్టెన్సీ వాళ్ళు ఊరి పేరు, కాలేజీ పేరు మార్చి అందరికీ అదే ఇస్తున్నారని కనిపెట్టడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

అలా వచ్చినవాళ్ళలో పాకాల వైపు నుంచి ఒకమ్మాయి. ఎస్‌ఓపీ నిండా ఆఫ్రికా ఉంది. మీ అమ్మ ఏం చేస్తుందమ్మా అని అడిగితే, “ఇంటి దగ్గరే మేడం, గ్రూపు లీడరు” అంది. తర్వాత ఏదో పని మీద అటు పోయినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మను పొదుపు సంఘం మినిట్స్ పుస్తకం చూపించమని అడిగాను. “దాంట్లో ఏముంది మేడం, మా గలాటాలే గదా” అంటూ బీరువాలోంచి నీలం అట్ట రిజిస్టరు తీసింది.

తిప్పుతుంటే ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఒకామె బోరు మోటారు కాలిపోయిందని పదివేలు అడిగింది. ఇంకొకామె కూతురి కాన్పుకని అయిదువేలు అడిగింది. సంఘంలో ఉన్న డబ్బు ఇద్దరికీ చాలదు. కాన్పుకు ముందు ఇవ్వాలనీ, మోటారు సంగతి వచ్చే నెల పొదుపులు వచ్చాక చూడాలనీ తీర్మానం. కింద సంతకాలు, రెండు వేలిముద్రలు. మోటారు అడిగినామె కూడా సంతకం పెట్టింది. ఆమె సంతకం పక్కన చిన్న అక్షరాలతో “పంట ఎండితే సంఘానిదే పూచీ” అని రాసి, దాని మీద అడ్డగీత కొట్టి ఉంది. రాసిందెవరో, కొట్టేసిందెవరో అడిగితే ఆమె నవ్వి పుస్తకం మూసేసింది.

డెవలప్‌మెంట్ స్టడీస్ సెమినార్‌లో ఈ ఒక్క పేజీ మీద రెండు గంటలు మాట్లాడుకోవచ్చు. ఉమ్మడి డబ్బును ఎవరికి ముందు ఇవ్వాలి, నష్టం వస్తే ఎవరు భరించాలి, ఓడిపోయినామె ఎందుకు సంతకం పెట్టింది, పెట్టకపోతే ఏమయ్యేది. సబ్జెక్టు నడిబొడ్డున ఉన్న ప్రశ్నలివి. ఆ పుస్తకం ఉన్న ఇంట్లో పుట్టి పెరిగిన అమ్మాయి పక్కనున్న బీరువాను చూడకుండా, ఎన్నడూ చూడని దేశం గురించి రాసుకుంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. మీ అమ్మ పుస్తకం కూడా చదువే అని చెప్పే క్లాసు ఆ అమ్మాయికి ఎక్కడా దొరకలేదు.

ఇక వెలుగు సంగతికొస్తాను. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆరు జిల్లాల్లో మొదలైన ప్రాజెక్టు అది. అందులో చిత్తూరు ఒకటి. శ్రీకాకుళం, విజయనగరం, అనంతపురం, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ మిగతా అయిదు. దాన్ని నడపడానికే సెర్ప్, అంటే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, పుట్టింది. సంఘం మీద గ్రామ సమాఖ్య, దాని మీద మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య అని మెట్లు కట్టారు. 2011లో దేశమంతటా మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు ఈ మెట్లే నమూనా అయ్యాయి. మన రాష్ట్ర సంఘాల అక్కలు రిసోర్స్ పర్సన్లుగా బీహార్ లాంటి చోట్లకు పోయి, భాష రాకపోయినా నెలల తరబడి ఉండి సంఘాలు కట్టించి వచ్చారు. ఒక ప్రాంతపు ఆడవాళ్ళు ఇంకో ప్రాంతపు ఆడవాళ్ళకు నేర్పడం అంటే ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ వాళ్ళకు ప్రాణం. దాని మీద ప్రపంచ బ్యాంకు రిపోర్టులున్నాయి, విదేశీ పీహెచ్‌డీలున్నాయి. నేను కాగితాలు మోసిన ప్రాజెక్టు ఇంగ్లండులో నాకు రీడింగ్ లిస్టులో తగిలింది. అందులో మేం పడిన తిప్పలు లేవు, టార్గెట్ల కోసం రాత్రికి రాత్రి రాసిన పుస్తకాలూ లేవు. అవి తెలిసినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. రిటైరైపోతున్నారు కూడా.

వెలుగు ఒక్కటే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాయను. 1970ల్లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్ళు హరిత విప్లవం వరి పండించే పల్లెలకు ఏం చేసిందో చూడడానికి ఎంచుకున్న ప్రాంతం నార్త్ ఆర్కాట్. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ నార్త్ ఆర్కాట్‌కు ముఖ్యపట్టణం మన చిత్తూరే. ఆ బృందంతో పల్లెలు తిరిగిన రాబర్ట్ చాంబర్స్ తర్వాత ఇంగ్లండులో బ్రైటన్ దగ్గర ససెక్స్ విశ్వవిద్యాలయంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ (ఐడీఎస్)లో పనిచేశారు. పల్లెవాళ్ళ చేతనే నేల మీద ఊరి పటం గీయించి, పేదలెవరో వాళ్ళనే చెప్పమనే పద్ధతిని ప్రపంచమంతా తిప్పారు. వెలుగులో పేదల గుర్తింపుకు మేం వీధుల్లో ముగ్గుపిండితో వేయించిన పటాలు అవే. అదే బృందంలో వచ్చిన బార్బరా హారిస్ వైట్ ఆరణి అనే చిన్న వ్యాపార పట్టణాన్ని దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ వచ్చి పరిశీలించారు, ఆక్స్‌ఫర్డ్‌లో ఈ సబ్జెక్టుకే ప్రొఫెసరయ్యారు. చిత్తూరులో బస్సెక్కితే ఒక పూటలో చేరే ఊరు ఆరణి. ఆ ఊరి బియ్యం మిల్లుల గురించి ఆక్స్‌ఫర్డ్‌కు తెలిసినంత మనకు తెలియదు.

2002 నుంచి ఆక్స్‌ఫర్డ్ వాళ్ళే యంగ్ లైవ్స్ పేరుతో ఒక అధ్యయనం నడుపుతున్నారు. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలను కూడా చిన్నతనం నుంచి పెళ్ళీడు దాకా వెంబడి చూస్తున్నారు. నాలుగు దేశాల్లో కలిపి పన్నెండు వేలమంది. చిన్న అప్పుల మీద పాఠం చెప్పే మాస్టారు ఎవరైనా చిన్న అప్పుల కంపెనీలకు కళ్ళెం వేస్తూ 2010 అక్టోబరులో మన రాష్ట్రం తెచ్చిన మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ దగ్గర ఆగాల్సిందే. మన ప్రకృతి వ్యవసాయం కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే అంతర్జాతీయ బహుమతిలో వాటా వచ్చింది. మన తోతాపురి మామిడి గుజ్జు డ్రమ్ముల్లో ఓడెక్కి పోయి, సీసాలో జ్యూసై పదింతల ధరకు తిరిగొచ్చినట్టే ఉంది ఈ వ్యవహారం. సమాచారం మనది, సర్వేకు కూర్చుని పనులు చెడగొట్టుకున్నది మనవాళ్ళు, డిగ్రీ మాత్రం పౌండ్లు పోసి కొనుక్కోవాలి.

ఆ పౌండ్ల లెక్క కూడా చెప్పాలి. ఇంగ్లండులో ఏడాది ఎంఏకు ఫీజు ఒక్కటే పాతిక లక్షలకు అటూ ఇటూ. లండన్ కాలేజీలైతే ఇంకా పైన. వీసాతో పాటు కట్టే ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 776 పౌండ్లు. గది అద్దె, తిండి, టికెట్లు కలుపుకుంటే ముప్పై అయిదు, నలభై లక్షలకు తేలుతుంది. పొలమో ఇల్లో పెట్టనిదే చాలా బ్యాంకులు అంత లోను ఇవ్వవు. పెట్టకుండా ఇచ్చేవాళ్ళ వడ్డీ చూస్తే కళ్ళు తిరుగుతాయి. కంప్యూటర్స్‌కు ఆ అప్పు చేసినవాళ్ళే నానా తంటాలు పడుతున్న రోజులివి. మన సబ్జెక్టులో మొదటి జీతంతో ఆ అప్పు వడ్డీ కూడా తీరదు.

పైగా ఆ చదువుకు కూడు పెట్టిన ఇళ్ళే కూలిపోతున్నాయి. మన రాష్ట్రంలో ఒకప్పుడు బోలెడు డబ్బు పెట్టిన బ్రిటన్ అభివృద్ధి శాఖ డీఎఫ్ఐడీని 2020లో విదేశాంగ శాఖలో కలిపేశారు. జాతీయాదాయంలో 0.7 శాతం ఉన్న వాళ్ళ సాయాన్ని 2021లో 0.5కి దించారు, 2027కల్లా 0.3 చేస్తామని ప్రకటించారు. అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను 2025 జులైలో ఏకంగా మూసేసింది. ఇక్కడ చూస్తే విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో విదేశీ నిధులు తెచ్చుకునే సంస్థ ఇంకో సంస్థకు పైసా ఇవ్వడానికి లేదు, ఆఫీసు ఖర్చు ఇరవై శాతం దాటడానికి లేదు. పెద్ద సంస్థ దగ్గర తీసుకుని పల్లెల్లో పనిచేసే చిన్న సంస్థలు అలా ఎన్నో మూతపడ్డాయి. పిల్లలు “యూఎన్‌లో జాబ్” అంటుంటే నేను ఏం చెప్పాలి? ఇవేవీ ఆ రంగురంగుల బ్రోచర్లలో ఉండవు.

అలాగని పోవద్దని నేను ఎవరికీ చెప్పను. ఐడీఎస్ 1966 నుంచి ఉంది, ఈ సబ్జెక్టుకు క్యూఎస్ ర్యాంకుల్లో ససెక్స్ ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో నిలిచింది. నెదర్లాండ్స్‌లో హేగ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ స్టడీస్ (ఐఎస్ఎస్) 1952 నాటిది. ఆ లైబ్రరీలు, ఆ క్లాసులో నలభై దేశాల పిల్లలు పక్కపక్కన కూర్చోవడం మనం ఇవ్వలేం. కానీ సొంత అప్పుతో పోవద్దంటాను, స్కాలర్‌షిప్ మీద పొమ్మంటాను. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ ఉంది, కామన్వెల్త్ ఉంది. చెక్ దేశం, ఫ్రాన్స్, ఇటలీ యూనివర్సిటీలు మూడూ కలిసి నడిపే గ్లోడెప్ అనే కోర్సు ఉంది, దానికి యూరోపియన్ యూనియన్ వాళ్ళ ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ ఉంది. విదేశీ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లిచ్చే జర్మనీ సంస్థ డాడ్ వాళ్ళవి ఉన్నాయి. వీటిలో చెవెనింగ్, డాడ్ రెండేళ్ళ పని అనుభవం అడుగుతాయి. చెవెనింగ్‌కు పోయినవాళ్ళు చదువయ్యాక స్వదేశానికి తిరిగొచ్చి రెండేళ్ళు ఉండాలి కూడా. అంటే ముందు ఇక్కడ ఏదో చదివి, ఏదో పని చేసి, చెప్పుకోవడానికి సొంత సంగతి ఒకటి ఉన్నవాళ్ళకే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఆ “ఇక్కడ ఏదో చదివి” అన్నదగ్గర తిరుపతిలో నేను చేయెత్తి చూపించే చోటు లేదు.

ఇంకో మాట చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. దళిత, సంచార జాతుల పిల్లలను విదేశాలకు పంపే కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నియమాలను 2022లో మార్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలు చదివేవాళ్ళకు ఇవ్వం అన్నారు. ఇలాంటివి చదవడానికి వనరులు మన దేశంలోనే ఉన్నాయిగా, బయటికెందుకు అన్నది అప్పుడు వినిపించిన వాదన. ఆ నియమం అన్యాయమని నా అభిప్రాయం. తన కులం గురించి ఎక్కడ కూర్చుని చదవాలో ఆ పిల్లవాడు చెప్పాలి గానీ సర్క్యులర్ చెప్పకూడదు. సరే, వాళ్ళ మాటే నిజమనుకుందాం. ఆ వనరులు ఎక్కడున్నాయి? శ్రీకాళహస్తి దళితవాడ పిల్లకు దగ్గర్లో ఎక్కడున్నాయి? బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఉంది, చెన్నై ఐఐటీ ఉంది, హైదరాబాదులో టాటా వాళ్ళ సామాజిక శాస్త్రాల సంస్థ టిస్ ఉంది. అక్కడ సీటు రావాలంటే ఎంత ఇంగ్లిషు, ఎంత కోచింగ్ కావాలో మీకు తెలియనిది కాదు. బయట తలుపు వేసి, లోపల గది కట్టకపోతే ఆ పిల్ల ఎక్కడ చదవాలి?

గది కట్టడానికి సరుకు మీ దగ్గరే ఉంది. ఎస్వీయూలో ఎకనామిక్స్ ఉంది, ఆంత్రపాలజీ ఉంది, పాపులేషన్ స్టడీస్, సోషల్ వర్క్ ఉన్నాయి. పద్మావతిలో విమెన్స్ స్టడీస్ ఉంది. ఊళ్ళోనే వ్యవసాయ కళాశాల, వెటర్నరీ యూనివర్సిటీ. అన్నిటికన్నా నాకు ఆశ కలిగించేది ఎస్వీయూలోని ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం. వియత్నాం గురించి, ఇండొనేషియా గురించి చదివేచోటు ఈ ఊళ్ళో ఉందని ఈ ఊళ్ళోవాళ్ళకే చాలామందికి తెలియదు. సత్యవేడు దగ్గర శ్రీసిటీకి పొద్దున్నే కంపెనీ బస్సుల్లో పోయే పల్లె ఆడపిల్లలనూ, వియత్నాం ఫ్యాక్టరీల్లో పనిచేసే పల్లె ఆడపిల్లలనూ పక్కపక్కన పెట్టి చూడగలిగిన విశ్వవిద్యాలయాలు దేశంలో ఎన్ని ఉంటాయి? ఇంటర్నేషనల్ అన్న మాటకు న్యాయం జరిగేది అక్కడ. మన మండలాన్ని మాత్రమే చదివితే అది ఉత్త రూరల్ డెవలప్‌మెంట్ అవుతుంది. ఆ పేరుతోనో, పబ్లిక్ పాలసీ పేరుతోనో దగ్గరి చుట్టాల్లాంటి కోర్సులు అక్కడక్కడా ఉన్నాయి, కాదనను. మన మండలాన్నీ వియత్నాం మెకాంగ్ నది పల్లెలనూ ఒకే బల్ల మీద పెట్టేది నేనడుగుతున్నది.

దండగ కోర్సు ఎలా ఉంటుందో కూడా చెబుతాను. మొదటి యూనిట్‌లో అభివృద్ధి నిర్వచనాలు, రెండో యూనిట్‌లో పంచవర్ష ప్రణాళికలు, మూడో దాంట్లో కేంద్ర పథకాలు, ప్రారంభించిన తేదీలు. గ్రూప్-2 బిట్లకు పనికొస్తుందని పిల్లలు చేరతారు, నోటిఫికేషన్ రాగానే మానేస్తారు. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు జిరాక్స్ షాపులో దొరుకుతుంది. దయచేసి అది పెట్టకండి. దానికంటే ఏమీ పెట్టకపోవడం నయం.

నేనడిగే కోర్సులో ఒక సెమిస్టర్ మొత్తం ఒక మండలంలో గడవాలి. ఉదాహరణకు మామిడి కాయ దిగే కాలం. జూన్, జులైల్లో బంగారుపాళెం, దామలచెరువు వైపు పోతే గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరస కనిపిస్తుంది. రైతు టోకెన్ చేత్తో పట్టుకుని ట్రాలీ కిందే పడుకుంటాడు. కాయ పైన ఎండకు పండి, అడుగున చీమ పట్టి, తూకానికి వచ్చేసరికి కొంత పారబోత. 2025లో తోతాపురి ధర పడిపోతే ఫ్యాక్టరీలు కిలోకు ఎనిమిది రూపాయలు ఇవ్వాలనీ, ప్రభుత్వం నాలుగు రూపాయలు కలుపుతుందనీ ప్రకటించారు. ఆ పన్నెండు రూపాయలు ఎవరి చేతికి ఎప్పుడు చేరాయి? అంతకుముందు ఏడాది గుజ్జు గోదాముల్లో ఎందుకు మిగిలింది? గల్ఫ్‌లో, యూరప్‌లో కొనేవాడు బేరం ఎలా ఆడతాడు? వేరే రకం కాయ వేసుకోమని రైతుకు చెప్పడం తేలిక, చెట్టు కాపుకొచ్చేదాకా ఇల్లు గడిచేదెలా? ఇందులో ఒక్కో ప్రశ్న ఒక్కో డిసర్టేషన్. దీనికి జోడీగా ఘనా కోకో రైతు సంగతి చదివిస్తే, ధర తన చేతిలో లేని రైతు ఒక్క చిత్తూరులోనే లేడని పిల్లలకు అర్థమవుతుంది. కుప్పం నుంచి రోజూ రైలెక్కి బెంగళూరు పనికి పోయొచ్చేవాళ్ళ మీద ఇంకో మండలం, ఇంకో సెమిస్టర్.

లెక్కలు గట్టిగా చెప్పించండి. మనవాళ్ళు అభివృద్ధి అనగానే ఉపన్యాసంలోకి దిగిపోతారు. శాంపిల్ ఎలా తీయాలో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పట్టికల్లోంచి ఒక జిల్లాను ఎలా విడదీయాలో, బడ్జెట్‌లో కేటాయించింది ఎంత, ఖర్చయింది ఎంత అని ఎలా వెతకాలో రాకపోతే ఈ డిగ్రీ గోడకు తగిలించుకోవడానికే. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు నోబెల్ వచ్చిన ప్రయోగ పద్ధతిని, అంటే చీటీ వేసినట్టు కొందరికి పథకం ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా తేడా కొలిచే పద్ధతిని నేర్పండి. ఆ పద్ధతి మీద ఉన్న విమర్శలనూ నేర్పండి. ఇంటి గుమ్మంలో నిలబడి ఒక మనిషిని మీరు రోజుకు ఎన్నిసార్లు తింటారని అడిగేముందు ఏ అనుమతి తీసుకోవాలో కూడా.

డిసర్టేషన్ తెలుగులో రాయనివ్వండి. చదువు ఇంగ్లిషులో సాగనీ, ప్రపంచపు పుస్తకాలు అందులోనే ఉన్నాయి. కానీ రాసింది ఆ ఊరివాళ్ళు చదివి, ఇది తప్పు, ఇది ఇలా జరగలేదు అనగలగాలి. వైవాకు బయటి ఎగ్జామినర్‌తో పాటు మండల సమాఖ్య నుంచి ఒకరిని పిలవండి. నవ్వకండి. ఎగ్జామినర్‌కు తోచని ప్రశ్న ఆమె అడుగుతుంది. నా రిపోర్టుల మీద నాకు చెమటలు పట్టించిన ప్రశ్నలు ఢిల్లీ వాళ్ళవి కావు, సమాఖ్య అక్కలవే.

సీట్లలో కొన్ని ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళకు ఉంచండి. సెర్ప్‌లో, పట్టణ పేదల కోసం పనిచేసే మెప్మాలో, గ్రామ సచివాలయాల్లో, ఎన్జీవోల్లో పనిచేస్తూ పైచదువు చదవాలని ఉండి, సెలవు దొరక్క ఆగిపోయినవాళ్ళు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో బోలెడుమంది. శని, ఆదివారాల్లో క్లాసులు పెడితే వాళ్ళొస్తారు. పాతికేళ్ళ పిల్లవాడి పక్కన పదిహేనేళ్ళ సర్వీసున్న ఏపీఎం (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్) కూర్చుంటే ఆ క్లాసే వేరు.

మీరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. ఉద్యోగాలెక్కడ? కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. శ్రీసిటీలోనే ఎన్ని కంపెనీలున్నాయో లెక్కేసుకోండి. ఆ డబ్బుతో బడికి రంగులు వేయించడం తప్ప ఇంకేం చేయాలో చెప్పేవాళ్ళు వాళ్ళకు కావాలి. ప్రకృతి వ్యవసాయం కార్యక్రమానికి కావాలి. ఏ మండలానికి ఏ సూచిక అని స్వర్ణాంధ్ర 2047 కాగితాలు రాయించుకుంటున్న జిల్లా యంత్రాంగానికి కావాలి. ఇప్పుడు ఆ పనికి ఎక్కడెక్కడి కన్సల్టెంట్లో విమానం దిగి వస్తుంటారు, మూడు రోజులు తిరిగి ముప్పై స్లైడ్లు పెట్టి పోతుంటారు. అయినా మొదటి జీతం చాలాచోట్ల పాతిక వేలకు మించదు. ఆ మాట దాచకుండా ప్రాస్పెక్టస్‌లోనే రాయండి. తెలిసి చేరినవాళ్ళు మధ్యలో మానేయరు.

పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఉన్న ఆర్ట్స్ పీజీల్లోనే సీట్లు మిగిలిపోతున్నాయి, కొత్తదెందుకు అంటారా? అందుకే కొత్త డిపార్ట్‌మెంటు అడగడం లేదు. రెండు విశ్వవిద్యాలయాలూ ఉన్న అధ్యాపకులతోనే ఉమ్మడిగా నడపండి. ఆడపిల్లలు పద్మావతిలో చేరినా ఎస్వీయూలో పేపర్ చదివేలా క్రెడిట్లు కలపండి. మధ్యలో ఉన్నది ఒక రోడ్డు. అది దాటడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో నాకైతే అర్థం కాదు.

చిన్న రాష్ట్రం, చిన్న ఊరు అనుకుంటే తిరువనంతపురం చూడండి. 1971లో కె.ఎన్. రాజ్ అక్కడ సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ మొదలుపెట్టారు. ఆ సెంటర్ వాళ్ళు ఐక్యరాజ్యసమితి కోసం కేరళ మీదే అధ్యయనం చేసి 1975లో ఇచ్చిన రిపోర్టు ఒకటుంది. ఆదాయం తక్కువున్నచోట కూడా చదువు, ఆరోగ్యం, ఆయుష్షు బాగుండొచ్చని అది లెక్కలతో చూపింది. కేరళ నమూనా అంటూ ప్రపంచం ఇవాళ్టికీ వాదించుకుంటున్నది దాని పుణ్యమే. వాళ్ళు తమ ఇంటి లెక్కలు తామే తీశారు, లోకం వాళ్ళ దగ్గరికి వచ్చి చదివింది. రాయలసీమ లెక్క అలా తీసినవాళ్ళేరి? బోర్లు ఎంత లోతుకు పోయాయి, ఆ అప్పులు ఎవరు కట్టారు, పాడి ఆవు ఎన్ని ఇళ్ళను కరువులో నిలబెట్టింది అన్నది ఒకచోట కూర్చి చెప్పే రాత ఈ ఊరి నుంచి రావాలి.

ఒకేసారి ఎంఏ పెట్టలేమంటే, వచ్చే విద్యాసంవత్సరంలో రెండు క్యాంపస్‌లకూ కలిపి ఒక ఎలక్టివ్ పేపర్‌తో మొదలుపెట్టండి. ఒక మండలం, ఒక ప్రశ్న, పాతికమంది పిల్లలు. పల్లెల్లో సంఘాలతో మాట్లాడి ఒప్పించే పని నేనూ, నాతో వెలుగులో చేసిన పాత సీసీలూ పైసా తీసుకోకుండా చేసిపెడతాం.

వచ్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం అజెండాలో దీన్ని ఒక అంశంగా పెట్టమని కోరుతున్నాను. కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ దసరాకు పిల్లలు వచ్చినప్పుడు నేను చెప్పేకంటే మీ కాగితం చూపిస్తే సరిపోతుంది.

ఇట్లు,
వెలుగు పాత సీసీ ఒకరు,
తిరుపతి